వేపచెట్టు బుడిపె: నిలబడిన చెట్టుకు ఉంటే ఏం చేయాలి, పడిన చెట్టుదైతే ఎలా మలచాలి?

ప్రశ్న: వేపనీడ (హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్, బెంగళూరు)

అందరికీ నమస్కారం. మేము ఉంటున్న అపార్ట్‌మెంటు ఆవరణలో రెండు పాత వేపచెట్లు ఉండేవి. మే నెలలో ఈదురుగాలితో కురిసిన వానకు ఒకటి వేళ్లతో సహా ఒరిగిపోయింది. అధికారులు వచ్చి చూసి అనుమతి ఇచ్చాక దుంగలను కోయించి తరలించారు. కాండం మీద ఛాతీ ఎత్తున, అడుగున్నర వెడల్పున ఉబ్బి ఉన్న బుడిపెను మాత్రం నేను సంఘం వారిని అడిగి ఉంచుకున్నాను. ఒకచోట బెరడు ఊడిపోయింది. అక్కడ లోపలి చెక్క నున్నగా లేదు, సన్నని ములుకులు దగ్గర దగ్గరగా పొడుచుకు వచ్చినట్టు వేలికి గరుకుగా తగులుతోంది.

మా వీధిలో ఫర్నిచర్ చేసే మేస్త్రీకి చూపిస్తే, ఇది అడ్డదిడ్డంగా పెరిగిన కర్ర, చిత్రికకు లొంగదు, పొయ్యిలోకి తప్ప పనికిరాదు అన్నారు. ఇంటర్నెట్‌లో వెతికితే దీన్ని బర్ల్ అంటారని, దీనితో గిన్నెలు, కత్తుల పిడులు, ఖరీదైన కార్లలో డాష్‌బోర్డు పలకలు చేస్తారని చదివాను. ఈ రెండు మాటలూ ఒకదానికొకటి ఎలా పొసుగుతాయో నాకు అర్థం కాలేదు. నాకు చిన్న లేత్ (కర్రను గిర్రున తిప్పుతూ ఉలితో మలిచే యంత్రం) ఉంది, తిన్నని కర్రతో గరిటెలు, చిన్న గిన్నెలు చేసిన అనుభవం ఉంది. దీన్ని ఎలా మొదలుపెట్టాలి?

అంతకంటే తొందరగా తేలవలసిన విషయం మరొకటి ఉంది. మిగిలిన రెండో వేపచెట్టుకు కూడా ఇలాంటి బుడిపెలు ఉన్నాయి. అది రోగమని, పక్కనున్న కానుగలకు పాకకముందే చెక్కించేయాలని సంఘంలో కొందరు పట్టుబడుతున్నారు. వచ్చే ఆదివారం సమావేశంలో నిర్ణయం తీసుకుంటారు. వారికి ఏం చెప్పమంటారు?

జవాబు: కాండం_బెరడు (మల్లేశ్వరం)

వేపనీడ గారూ, ముందుగా ఆదివారానికి అక్కరకు వచ్చే మాట. బుడిపె ఉన్నంత మాత్రాన చెట్టు జబ్బు పడినట్టు కాదు, అది వేప నుంచి కానుగకు పాకదు, నిలబడి ఉన్న చెట్టు మీద దాన్ని చెక్కించడం చెట్టుకు చేటు. నేను వృక్షశాస్త్రం బోధించేవాణ్ణి కాబట్టి కారణాలు కొంచెం వివరంగానే చెబుతాను, ఓపిక పట్టండి.

బెరడుకూ చెక్కకూ మధ్య కేంబియం అనే అతి పలుచని పొర ఉంటుంది. ఏటేటా లోపలి వైపు చెక్కను, బయటి వైపు బెరడును పేర్చేది ఈ పొరే. మామూలు కాండంలో కొత్త కణాలు నిలువునా సాగుతాయి కాబట్టి చెక్కలో పోగులు తిన్నగా వస్తాయి. అయితే బెరడు కింద, కొమ్మలుగా ఎదగకుండా నిద్రాణంగా ఉండిపోయిన మొగ్గలు కూడా ఉంటాయి. కరెంటు తీగలకు అడ్డమని కొమ్మలు నరికేసిన చెట్టు మొండెం మీద కొన్నాళ్లకు గుత్తులు గుత్తులుగా చిగుళ్లు రావడం మీరు చూసే ఉంటారు, అవి చాలావరకు ఈ మొగ్గల నుంచి వచ్చినవే. ఏదో ఒక కారణం వల్ల అలాంటి మొగ్గలు ఒకేచోట లెక్కకు మించి పుట్టి, బయటపడి కొమ్మలు కాలేక, చెక్క మందమయ్యే కొద్దీ దానితో పాటే బెరడు కిందనే సాగుతూ, చీలి మరిన్ని మొగ్గలవుతూ ఉంటే, కేంబియం వాటన్నిటి చుట్టూ మెలికలు తిరుగుతూ చెక్కను పేర్చవలసి వస్తుంది. ఆ భాగం మిగతా కాండం కంటే వేగంగా లావెక్కుతుంది. మీ వేలికి తగిలిన ములుకులు చాలావరకు ఆ మొగ్గల కొనలే అయి ఉండాలి. కోసి చూస్తే ఒక్కో మొగ్గ జాడ ఒక చిన్న కన్నులా, మధ్యలో నల్లని చుక్కతో, చుట్టూ సన్నని వలయాలతో కనిపిస్తుంది.

కారణం అన్ని చెట్లకూ ఒకటే కాదు. పాత గాయం, మంట, పురుగు, శిలీంధ్రం, వైరస్, చెట్టు పుట్టుకతో తెచ్చుకున్న లక్షణం, వీటిలో ఏదైనా కావచ్చు. కొన్ని బుడిపెల్లో కన్నులే ఉండవు, సుడులు తిరిగిన చెక్క మాత్రమే ఉంటుంది. ఫలానా బుడిపె ఫలానా కారణంతో వచ్చిందని బయటి నుంచి చూసి చెప్పేవారిని నమ్మకండి.

మీ సంఘం వారి భయానికి ఆధారం బహుశా వేరే జబ్బు. గులాబీ, ద్రాక్ష, బాదం వంటి మొక్కల మొదళ్లలో అగ్రోబ్యాక్టీరియం అనే బ్యాక్టీరియా కంతులు పుట్టిస్తుంది. అమెరికాలో స్మిత్, టౌన్‌సెండ్ అనే శాస్త్రవేత్తలు 1907లో దాన్ని గుర్తించారు. ఆ బ్యాక్టీరియా తన డి.ఎన్.ఏ.లో కొంత భాగాన్ని మొక్క కణంలోకి చేరవేసి, పెరుగుదల హార్మోన్లను ఆ కణం చేతనే అతిగా తయారు చేయిస్తుందని 1977లో మేరీ డెల్ చిల్టన్ బృందం నిరూపించింది. ఇదే దారిని వాడుకుని తర్వాత శాస్త్రవేత్తలు మొక్కల్లోకి కావలసిన జన్యువులను ఎక్కించడం నేర్చుకున్నారు, మన రైతులు 2002 నుంచి వేస్తున్న బీటీ పత్తి వెనుక ఉన్నది కూడా ఈ బ్యాక్టీరియానే. ఆ కంతి అంటుకునే జబ్బే, పనిముట్ల ద్వారా, మట్టి ద్వారా పాకుతుంది. కానీ దానిలోని కణజాలానికి ఒక క్రమం ఉండదు. మీరు చెప్పిన లక్షణాలు, అంటే పాత కాండం మీద ఛాతీ ఎత్తున, గట్టి చెక్కతో ఉండటం, దానికి సరిపోలడం లేదు.

ఇక చెక్కించడం ఎందుకు వద్దంటున్నానంటే, చెట్టు గాయం మన చర్మం మానినట్టు మానదు. దెబ్బతిన్న కణాలను చెట్టు బాగు చేసుకోదు. వాటి చుట్టూ అడ్డుగోడ కట్టి, ఆ గోడకు బయట కొత్త చెక్కను పెంచుకుంటుంది. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేలాది దుంగలను నిలువునా కోయించి చూసి ఈ సంగతిని స్థిరపరిచారు. అడుగున్నర బుడిపెను కాండానికి ఆనించి కోస్తే మిగిలే గాయం అంతకంటే పెద్దది. అది పూడుకునే లోపు శిలీంధ్రాలు లోపలికి దిగి కాండాన్ని గుల్ల చేస్తాయి. ఈరోజు ఎవరికీ హాని చేయని చెట్టు కొన్నేళ్లకు నిజంగానే పార్కింగ్ మీద పడే చెట్టు అవుతుంది.

చెట్టు మీద సందేహం ఉంటే చూడవలసిన గుర్తులు వేరే ఉన్నాయి. బుడిపె కాండానికి అతికిన చోట నిలువు పగుళ్లు, బెరడు మీద అట్టల్లా పెరిగే పుట్టగొడుగులు, కొయ్యసుత్తితో తట్టినప్పుడు డొల్ల శబ్దం, మొదలు దగ్గర మట్టి లేవడం, ఇవి కనిపిస్తే నిపుణులను పిలవండి. లేకపోతే దాని మానాన దాన్ని ఉండనివ్వండి.

జవాబు: చిత్రికపని (కోలారు, ప్రస్తుతం కె.ఆర్. పురం)

మాది వడ్రంగం చేసే కుటుంబం. ఆ మేస్త్రీ గారి పక్షాన ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఆయన అన్నది ఆయన పని వరకు నిజం. వేప మహాగని కుటుంబానికి చెందిన చెట్టు. తిన్నని వేప పలకలో కూడా పోగులు ఒక పొరలో కుడికి, మరో పొరలో ఎడమకు వాలి ఉంటాయి కాబట్టి చిత్రిక ఏ వైపు పట్టినా ఎక్కడో ఒకచోట పెళ్లలు లేస్తాయి. ఇక బుడిపె సంగతి చెప్పనక్కర్లేదు. పైగా కుర్చీ కాలికి, తలుపు చట్రానికి పొడవునా తెగకుండా సాగే పోగు కావాలి, బరువును మోసేది ఆ పోగే. బుడిపెలో పొడవైన పోగు ఉండదు, వంపు పడితే చటుక్కున విరుగుతుంది. అందువల్ల బరువు మోసే పనికి ఆయన దాన్ని కాదనడం సరైనదే.

అయితే పొడవైన పోగు లేకపోవడం వల్లే దానికి మరో గుణం వచ్చింది. చీలిక పట్టుకుని పోవడానికి దారి దొరకదు కాబట్టి అది దెబ్బలకు చీలదు. ఉలి మీద కొట్టే కొయ్యసుత్తి తలకు బుడిపె కర్రను మించింది లేదు. మా ఇంట్లో ఉన్న పాత సుత్తి తల చింత బుడిపెదే. ఉలి పిడులు తగిలి తగిలి ముఖం గుంటలు పడింది గానీ చీలిక మాత్రం రాలేదు.

కార్ల డాష్‌బోర్డు గురించి అడిగారు. అక్కడ వాడేది ముద్ద చెక్క కాదు, వాల్‌నట్ బుడిపె నుంచి తీసిన, మిల్లీమీటరు కంటే పలుచనైన చెక్క పొర, దాన్నే వెనీర్ అంటారు. కదలని పలక మీద దాన్ని అతికిస్తారు. బుడిపె చెక్క ఎటు పడితే అటు వంకరపోయే గుణం కలది కాబట్టి, అందాన్ని పైపొరగా తీసుకుని బలాన్ని కింది పలకకు అప్పగించారన్నమాట. వరుసగా తీసిన రెండు పొరలను పుస్తకం తెరిచినట్టు పక్కపక్కన అతికిస్తే బొమ్మ రెండు వైపులా ఒకేలా వస్తుంది.

మా కోలారు వైపు వారికి మరో ఉదాహరణ సులువుగా తెలుస్తుంది. నీలగిరి తోపు నరికేసిన తర్వాత మొదలు నుంచి మళ్లీ నాలుగైదు కొమ్మలు లేస్తాయి గదా, నేలకు ఆనుకుని ఉబ్బి ఉండే ఆ దుబ్బు కూడా మొగ్గల నిలవే. కార్చిచ్చుకు తట్టుకోవడానికి చాలా నీలగిరి జాతులు మొలక దశ నుంచే దాన్ని పెంచుకుంటాయి. నీటిని కాపాడటం కోసం కర్ణాటక ప్రభుత్వం 2017లో కొత్త నీలగిరి తోటలను నిషేధించింది గానీ, ఉన్న తోటలను తీసేయాలనుకున్న రైతుకు అసలు కష్టం ఆ దుబ్బును పెకలించడమే.

జవాబు: లేత్‌దగ్గర (జయనగర్)

వేపనీడ గారూ, చెట్టు పడి ఎన్నాళ్లయినా సరే, ఈ రాత్రికే ఒక పని చేయండి. కోత పడిన ముఖం మీద కరిగించిన మైనం గానీ, కొద్దిగా నీళ్లు కలిపిన ఫెవికాల్ గానీ, మిగిలిపోయిన గోడ రంగు గానీ రెండు మూడు పూతలు మందంగా పూయండి. బెరడు ఊడిన చోట కూడా పూయండి. దాన్ని ఎండలోనో ఫ్యాను కిందనో పెట్టకండి. నీడలో, నేలకు తగలకుండా ఉంచండి.

దీనికి కారణం ఉంది. చెక్క పక్కల నుంచి కంటే పోగుల కొనల నుంచి ఎన్నో రెట్లు వేగంగా తడి కోల్పోతుంది. మామూలు దుంగకు కొనలు రెండు వైపులే ఉంటాయి. బుడిపెలో పోగు అన్ని దిక్కులకూ తిరిగి ఉంటుంది కాబట్టి దాని ఉపరితలం అంతటా కొనలు తేలి ఉంటాయి. చెక్కలో తేమ సుమారు 30 శాతం కంటే దిగినప్పటి నుంచి అది కుంచించుకోవడం మొదలవుతుంది, పైగా చెక్కలో ఏటేటా పడే పెరుగుదల వలయాల వెంబడి కుంచించుకునేది వలయాలకు అడ్డంగా కుంచించుకునే దానికి దాదాపు రెట్టింపు. బుడిపెలో ఈ రెండు దిక్కులూ ప్రతి అంగుళానికీ మారిపోతుంటాయి. అందుకే అది ఒకేచోట పెద్దగా పగలకపోయినా, ఒళ్లంతా సన్నని నెర్రెలు వేసి, ఊహకు అందని రీతిలో వంకరపోతుంది. వానాకాలంలో బెంగళూరు గాలి ఈ పనికి అనుకూలం. ఫిబ్రవరి, మార్చి నెలల పొడిగాలిలో పచ్చి బుడిపెను అలా వదిలేస్తే పగుళ్లు తప్పవు.

ఇంత పెద్ద బుడిపెను ముద్దగా ఆరబెట్టే ప్రయత్నం చేయవద్దని నా గట్టి సలహా. పచ్చిగా ఉన్నప్పుడే గిన్నె ఆకారానికి ముతకగా తిప్పి, గోడ మందం వ్యాసంలో పదో వంతు ఉండేలా వదిలిపెట్టండి. ముప్పై సెంటీమీటర్ల గిన్నె అయితే మూడు సెంటీమీటర్లు. అడుగున తేదీ, బరువు పెన్సిల్‌తో రాసి, మందపాటి కాగితపు సంచిలో పెట్టి మూల ఉంచండి. అప్పుడప్పుడు తూచి పక్కనే రాసుకుంటూ పోతే, మొదట్లో గబగబా తగ్గిన బరువు క్రమంగా నెమ్మదించి ఒకచోట నిలిచిపోతుంది. బరువు కదలడం లేదంటే చెక్క మీ ఇంటి గాలితో సమానపడిందని అర్థం. అప్పటికి గుండ్రని గిన్నె కోడిగుడ్డు ఆకారానికి వచ్చి ఉంటుంది, మిగిల్చిన మందం నుంచి దాన్ని మళ్లీ గుండ్రంగా తిప్పుకుంటారు. ఇది నెలల పని, తొందరపడితే చేతికి వచ్చేది పగిలిన గిన్నె.

కొందరు ముతకగా తిప్పిన గిన్నెను నీళ్లలో ఉడకబెట్టి ఆరబెడతారు. ఈ పద్ధతికి పాత ఆధారం ఉంది. మధ్యధరా సముద్ర తీరపు కొండల్లో పెరిగే ఎరికా అర్బోరియా అనే పొద మొదలు దగ్గర ఉండే బుడిపె నుంచి పొగాకు పైపులు చేస్తారు. నిప్పుకు తట్టుకునే ఆ బుడిపెను ముక్కలు చేసి, గంటల తరబడి ఉడికించి, రసాలు పోయాక నెలల తరబడి ఆరబెట్టిన తర్వాతే దాన్ని మలుస్తారు.

లేత్ మీద జాగ్రత్త గురించి ఒక్క మాట కూడా తగ్గించి చెప్పను. బుడిపె లోపల బెరడు ముక్కలు ఇరుక్కుని ఉంటాయి, డొల్లలు ఉంటాయి, బయటికి గట్టిగా కనిపించే భాగం తిరుగుతుండగా ఊడి ఎగిరివస్తుంది. ముఖమంతా కప్పే కవచం పెట్టుకోండి, ఫేస్ ప్లేటుకు (చెక్కను లేత్‌కు పట్టి ఉంచే లోహపు బిళ్లకు) పొడవైన మరలు బిగించండి, అతి తక్కువ వేగంతో మొదలుపెట్టి, లేత్ మొదలెట్టే క్షణంలో పక్కకు నిలబడండి. ఉలికి తరచూ సాన పట్టుకుంటూ పలుచని కోతలే తీయండి. మొండి ఉలితో నెట్టితే ప్రతి కన్ను దగ్గరా చిన్న పెళ్ల లేస్తుంది, దాన్ని ఏ సాండ్ పేపరూ సరిచేయలేదు. వేప పొడి ముక్కునూ గొంతునూ మండిస్తుంది కాబట్టి మంచి మాస్కు తప్పనిసరి.

వేపనీడ (ప్రశ్న అడిగినవారు)

అందరికీ కృతజ్ఞతలు. ఫెవికాల్ పూత వేశాను. కాండం_బెరడు గారి జవాబును అచ్చు తీయించి సమావేశంలో చదువుతాను. ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. బుడిపెను సగానికి కోయాలంటే ఏ దిక్కున కోయాలి? ఒక అంచున చెక్క మెత్తబడి పొడిపొడిగా రాలుతోంది, ఆ భాగాన్ని పారేయాలా?

జవాబు: లేత్‌దగ్గర (జయనగర్)

కోత దిక్కును బట్టి బొమ్మ పూర్తిగా మారుతుంది, కాబట్టి రంపం పట్టే ముందే నిర్ణయించుకోవాలి. మొగ్గల జాడలు బుడిపె లోపలి నుంచి బెరడు వైపు సాగి ఉంటాయి. బెరడుకు సమాంతరంగా కోస్తే ఆ జాడలు అడ్డంగా తెగి, కన్నులు కన్నులుగా పలకంతా పరుచుకుంటాయి. బెరడుకు నిలువుగా, లోపలి వరకు కోస్తే అవే జాడలు పొడవునా తెగి, లోపలి నుంచి అంచుకు విరజిమ్మే గీతలుగా కనిపిస్తాయి. గిన్నెకైతే బెరడు వైపు గిన్నె అడుగు, కాండం వైపు గిన్నె నోరు వచ్చేలా పెట్టుకోవడం నాకు ఇష్టం. అప్పుడు అడుగు భాగంలో కన్నులు, గోడల మీద గీతలు, రెండూ ఒకే పాత్రలో కనిపిస్తాయి. అంచున బెరడు నిలవాలనుకునేవారు దీనికి తలకిందులుగా పెడతారు. బెరడు ఆరాక ఊడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి మొదటి గిన్నెకు దాన్ని నేను సూచించను.

మెత్తబడిన భాగం గిన్నెకు పనికిరాదు, కానీ పారేయకండి. దాన్ని పెన్నుల, కత్తి పిడుల కొలతకు చిన్న ముక్కలుగా కోసుకుని రెసిన్ (వేడికి గట్టిపడే జిగురులాంటి ద్రవం) పట్టించవచ్చు. ముక్కలను ఓవెన్‌లో నూరు డిగ్రీలకు కాస్త పైన ఉంచి తేమ పూర్తిగా పోగొట్టి, గాలి తగలకుండా చల్లార్చి, రెసిన్‌లో ముంచి వాక్యూమ్ గదిలో పెడతారు. చెక్కలోని గాలి బుడగలుగా బయటికి వచ్చేస్తుంది. బుడగలు ఆగాక వాక్యూమ్ తీసేస్తే గాలి వదిలిన ఖాళీల్లోకి రెసిన్ దిగుతుంది. దాన్ని మళ్లీ తొంభై డిగ్రీల దగ్గర వేడి చేస్తే గట్టిపడుతుంది. తేమ ఏమాత్రం మిగిలినా రెసిన్ సరిగా గట్టిపడదు. విచిత్రమేమిటంటే ఈ పనికి గట్టి చెక్క కంటే పుచ్చిన చెక్కే అనువైనది, జిట్రేగి వంటి దట్టమైన, నూనె గల చెక్క రెసిన్‌ను దాదాపు తీసుకోదు.

పైపూత విషయంలో మన బొమ్మల ఊళ్ల పద్ధతి ఇక్కడ పూర్తిగా సరిపోదు. ఏటికొప్పాకలోనూ, మనకు దగ్గరలోని చన్నపట్నలోనూ వాడేది ఒకే జాతి అంకుడు కర్ర. తెల్లగా, నున్నగా, గీతలు లేకుండా ఉంటుంది కాబట్టే తిరుగుతున్న బొమ్మకు రంగు లక్కను ఒత్తి పట్టిస్తే రాపిడి వేడికి కరిగి సమంగా పరుచుకుంటుంది. బుడిపెకు రంగు లక్క పూస్తే చెట్టు ఇన్నేళ్లు వేసిన బొమ్మ మొత్తం దాని కింద మరుగునపడుతుంది. రంగు కలపని లక్కను స్పిరిట్‌లో కరిగించి పలుచగా పూయండి, లేదా ఆరిపోయే గుణమున్న అవిసె నూనె పట్టించండి. కన్నులు పోగుల కొనలు కాబట్టి నూనెను ఎక్కువ పీల్చుకుని ముదురు రంగుకు తిరుగుతాయి, చుట్టూ ఉన్న చెక్క లేత రంగులోనే ఉంటుంది.

జవాబు: పచ్చకాగితం (శేషాద్రిపురం)

చట్టం సంగతి ఎవరూ ప్రస్తావించలేదు కాబట్టి రాస్తున్నాను. కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం, 1976 ప్రకారం నగరంలో చెట్టు కొట్టాలంటే, అది సొంత స్థలంలో ఉన్నా సరే, వృక్ష అధికారి అనుమతి ఉండాలి. బుడిపె చెక్కించడం చెట్టుకు హాని చేయడమే కాబట్టి, సంఘం తీర్మానం చేసుకున్నంత మాత్రాన దానికి అధికారం రాదు. వీధిలో పడిన చెట్టు ప్రభుత్వానిది, బుడిపె బాగుందని రంపంతో వెళ్లి కోసుకోవడం కూడా తప్పే.

ఈ బుడిపెల మీద మోజు ఎంత దూరం పోతుందో కాలిఫోర్నియాలో చూశారు. అక్కడి రెడ్‌వుడ్ జాతీయ ఉద్యానవనంలో వందల ఏళ్ల చెట్ల మొదళ్ల నుంచి బుడిపెలను రాత్రిపూట మోటారు రంపాలతో కోసుకుపోతుంటే, 2014లో ఉద్యానవనం గుండా వెళ్లే ప్రధాన సుందర రహదారిని రాత్రివేళల్లో మూసివేయవలసి వచ్చింది. రెడ్‌వుడ్ చెట్టు పడిపోయినా, కాలిపోయినా తిరిగి మొలకెత్తేది ఎక్కువగా మొదలు దగ్గరున్న ఆ బుడిపె నుంచే, కాబట్టి పోయింది చెక్క ఒక్కటే కాదు. అందువల్ల ఎవరైనా ఆన్‌లైన్‌లో విదేశీ బుడిపె చెక్కను కొంటుంటే, అది ఏ చెట్టుదో, ఎక్కడి నుంచి వచ్చిందో బిల్లు మీద రాయించుకోండి. చెక్క జాతి మీద అనుమానం ఉంటే మల్లేశ్వరం 18వ క్రాస్‌లోని కేంద్ర ప్రభుత్వ కలప పరిశోధన సంస్థను అడగవచ్చు.

జవాబు: కాండం_బెరడు (మల్లేశ్వరం)

పచ్చకాగితం గారి మాటకు చిన్న చేర్పు. వేపనీడ గారూ, సమావేశంలో రెండో చెట్టు గురించి తీర్మానం ఎలాగూ రాస్తారు కాబట్టి, బుడిపెలను అలాగే ఉంచాలని రాయడంతో ఆగకుండా, ఏటా వానలకు ముందు ఏప్రిల్‌లో ఒకసారి చెట్టు మొదలునూ బుడిపెల చుట్టూ బెరడునూ పరిశీలించి ఫొటోలు తీసి దాచాలని కూడా రాయించండి. ముఖ్యంగా మొదటి చెట్టు వేళ్లతో సహా ఎందుకు ఒరిగిందో చూడండి. బుడిపె వల్ల చెట్టు వేళ్లతో లేవదు. పార్కింగ్ కోసం మొదలు చుట్టూ వేసిన కాంక్రీటో, పైపుల కోసం తవ్వినప్పుడు తెగిన వేళ్లో కారణమై ఉంటే, రెండో చెట్టుకు కూడా అదే ప్రమాదం ఉంది. మొదలు చుట్టూ వీలైనంత వెడల్పున నేలను తెరిచి మట్టిని వదలడం ఈ వానాకాలంలోనే చేయదగిన పని.